స్ప్లిట్ ఏసీ బిగింపు: గోడ కన్నం నుంచి వాక్యూమ్ దాకా

ఫ్రిజ్‌లో గ్యాస్ తిరిగే దారి మొత్తాన్ని కర్మాగారంలోనే అతికి, పరీక్షించి, మూసి పంపుతారు. కిటికీ ఏసీ కూడా అంతే. స్ప్లిట్ ఏసీ సంగతి వేరు. దాని లోపలి యూనిట్ ఒక పెట్టెలో, బయటి యూనిట్ మరో పెట్టెలో వస్తాయి. రెండింటినీ కలిపే రాగి పైపులను మన గోడ కొలతను బట్టి కోసి, వాటి కొసలను వెడల్పు చేసి, నాలుగు చోట్ల నట్లతో బిగిస్తే తప్ప గ్యాస్ తిరిగే దారి పూర్తి కాదు. అంటే ఆ యంత్రం తయారీలో చివరి ఘట్టం మన ఇంట్లోనే, నిచ్చెన మీద, దుమ్ములో, చాలాసార్లు తొందరలో జరుగుతుంది. ఏళ్ల తరబడి నిక్షేపంగా పనిచేయవలసిన ఏసీ రెండో వేసవికే నీరసించిందంటే, ముందుగా అనుమానించవలసింది ఆ నాలుగు అతుకులను, ఆ తర్వాత గ్యాస్ వదిలేముందు పైపుల్లోంచి గాలిని, తేమను సరిగా తీశారా లేదా అన్నదాన్ని. అందువల్ల గోడకు పలక బిగించడం వంటి కనిపించే పనుల కన్నా, అతుకు, వాక్యూమ్ (పైపుల్లోని గాలిని, తేమను పంపుతో లాగేయడం), డ్రెయిన్ వాటం (ఏసీ నీరు పోయే పైపు వాలు) అనే కనిపించని పనుల దగ్గరే ఈ వ్యాసం ఎక్కువసేపు నిలుస్తుంది.

ఏ పని మీరు చేసుకోవచ్చో, ఏ పని చేయకూడదో ముందే తేల్చుకోవాలి. చోటు ఎంచుకోవడం, పలక బిగించడం, కన్నం వేయడం, డ్రెయిన్ పైపు లాగడం వంటివి పనిముట్లు వాడే అలవాటున్న ఎవరైనా ఓపికగా చేసుకోగలిగినవే. గ్యాస్ దారికి సంబంధించిన పని అలాంటిది కాదు. రిఫ్రిజెరెంట్ గ్యాస్‌ను ముట్టుకోవాలంటే శిక్షణ, ధ్రువపత్రం ఉండాలని చాలా దేశాల్లో చట్టమే చెబుతుంది. కొత్త విద్యుత్ లైను వేయడానికి అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ కావాలి. తాము గుర్తించిన మెకానిక్ బిగించకపోతే వారంటీ చెల్లదని షరతు పెట్టే కంపెనీలూ ఉన్నాయి. అయినా ఆ భాగాన్ని కూడా ఇక్కడ వివరంగానే రాస్తున్నాను. మెకానిక్ మన ఎదుట పనిచేస్తున్నప్పుడు ఏమి అడగాలో, ఏది జరగకపోతే పని ఆపించాలో ఇంటివారికి తెలిసి ఉండాలి.

యంత్రం, దాని చోటు

ఏసీ విషయంలో టన్ను అంటే యంత్రం బరువు కాదు, అది గదిలోంచి లాగేసే వేడికి కొలత. 2,000 పౌండ్ల మంచుగడ్డ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని అంతే కాలంలో తీసేయగల సామర్థ్యాన్ని ఒక టన్ను అంటారు. అది గంటకు 12,000 బీటీయూలతో (బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం), అంటే సుమారు 3.5 కిలోవాట్లతో సమానం. గది వైశాల్యం ఒక్కటే చూసి టన్నులు నిర్ణయించడం సరికాదు. పై అంతస్తా కాదా, పడమటి ఎండ గోడకు ఎంతసేపు తగులుతుంది, అద్దాల కిటికీలు ఎన్ని, గదిలో ఎంతమంది ఉంటారు అన్నవన్నీ లెక్కలోకి రావాలి. "ఎందుకైనా మంచిది, పెద్దదే తీసుకుందాం" అనుకోవడం కూడా పొరపాటే. అవసరానికి మించిన యంత్రం గదిని చిటికెలో చల్లబరిచి ఆగిపోతుంది. తేమను లాగేసేంతసేపు నడవదు కాబట్టి గది చల్లగా ఉన్నా ఒంటికి జిడ్డుగా, ఉక్కగా అనిపిస్తుంది.

లోపలి యూనిట్ పైనుంచి గాలి పీల్చుకుని కిందికి వదులుతుంది. అందువల్ల దాని నెత్తికి, సీలింగుకు మధ్య కనీసం 15 సెంటీమీటర్ల ఖాళీ, రెండు పక్కలా 10 నుంచి 15 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. నేల నుంచి రెండు మీటర్ల పైన ఉంటే మంచిది. ఖచ్చితమైన కొలతలు ఒక్కో మోడల్‌కు ఒక్కో విధంగా ఉంటాయి గనుక యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. చల్లగాలి నేరుగా మంచం తలవైపు కొట్టకుండా, గది పొడవునా సాగేలా గోడను ఎంచుకోవాలి. వీలైతే అది బయటి గోడే కావాలి, ఎందుకంటే అప్పుడు పైపులు వెనకనుంచి సూటిగా బయటికి పోతాయి, డ్రెయిన్ వాటం దానంతటదే కుదురుతుంది. కర్టెన్ రాడ్డు పైన, టీవీ పైన, పొయ్యి దగ్గర పెట్టవద్దు.

బయటి యూనిట్ పని గదిలోంచి తెచ్చిన వేడిని బయటి గాలికి అప్పగించడం. వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకునే ఇరుకు సందులో దాన్ని పెడితే ఎంత ఖరీదైన యంత్రమైనా ఆయాసపడుతుంది. వెనక కనీసం 10 సెంటీమీటర్లు, ముందు ఒక మీటరు దాకా ఖాళీ ఉంచాలి. ఫ్యాను ముఖం ఎదురుగా గోడ ఉండకూడదు. అందం కోసం బయటి యూనిట్‌ను సన్నటి సందులున్న జాలీ వెనక దాచేసే ఇళ్లను చూసినప్పుడు ఆ కంప్రెసర్ మీద నాకు జాలి కలుగుతుంది. అంతేకాదు, రేపు దాన్ని శుభ్రం చేయడానికి, అతుకులు పరీక్షించడానికి మనిషి చేయి పట్టాలి. కిటికీలోంచి ఒంటిచేత్తో వేలాడుతూ మరమ్మతు చేయవలసిన చోట యూనిట్‌ను పెట్టడమంటే ఆ పనికి వచ్చే మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టడమే. బయటి యూనిట్ సాధారణంగా 25 నుంచి 40 కిలోల దాకా బరువుంటుంది. బ్రాకెట్లు ఆ బరువుకు కొన్ని రెట్లు మోయగలిగినవై, తుప్పు పట్టని పూత కలిగి, గట్టి కాంక్రీటులోకో నిండు ఇటుకలోకో దిగిన యాంకర్ బోల్టులతో నిలవాలి. బోలు ఇటుకలో మామూలు యాంకర్ బోల్టు పట్టు నిలవదు. యూనిట్ కాళ్ల కింద రబ్బరు దిమ్మలు వేస్తే కంపనం గోడలోకి పోదు. ఎత్తులో పనిచేసేటప్పుడు నడుముకు బెల్టు, ఇద్దరు మనుషులు ఉండటం తప్పనిసరి.

పలక, కన్నం, నీటి వాటం

లోపలి యూనిట్ వెనక వచ్చే ఇనుప పలకను రసమట్టం పెట్టి గోడకు బిగించాలి. చాలా మోడళ్లకు పలక సమంగా ఉంటే సరిపోతుంది, నీళ్లు పోవడానికి కావలసిన ఏటవాలు యూనిట్ లోపలి తొట్టిలోనే ఉంటుంది. డ్రెయిన్ వైపు కాస్త వాలినా ఫర్వాలేదుగానీ, అటు వైపు లేచి ఉంటే మాత్రం నీళ్లు తొట్టి అంచు దాటి గోడమీద కారతాయి. గోడను తొలిచే ముందు లోపల వైర్లు, నీటి పైపులు, ఇనుప చువ్వలు ఎక్కడున్నాయో తెలుసుకోవాలి. స్విచ్‌బోర్డుకు నిలువుగా పైన, అడ్డంగా పక్కన వైర్లు పోయే అవకాశం ఎక్కువ. దూలాన్ని గానీ స్తంభాన్ని గానీ తొలవకూడదు.

కన్నం సుమారు 65 మిల్లీమీటర్ల వ్యాసంతో, లోపలి వైపు కన్నా బయటి వైపు 5 నుంచి 10 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా వేయాలి. డ్రిల్లును గోడకు లంబంగా కాక, పిడిని కొద్దిగా పైకెత్తి పట్టుకుంటే ఆ వాలు వస్తుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ వాన నీళ్లు గదిలోకి రాకపోవడం, ఏసీ నీళ్లు బయటికి పోవడం రెండూ దీని మీదే ఆధారపడి ఉంటాయి. కన్నంలో ప్లాస్టిక్ గొట్టం ముక్కను తొడుగుగా పెడితే పైపులకు గీతలు పడవు, పురుగులు, ఎలుకలు గోడలో చేరవు. పని మొత్తం అయ్యాక మిగిలిన సందును గట్టిపడని రకం లప్పంతో మూసేయాలి.

తేమ ఎక్కువగా ఉన్న రోజున ఒక మాదిరి ఏసీ గంటకు ఒక లీటరు, ఒక్కోసారి అంతకు మించి నీటిని గాలిలోంచి పిండుతుంది. ఆ నీరు పోవడానికి పంపు ఏమీ ఉండదు, వాటమే దానికి దారి. మీటరు పొడవుకు కనీసం ఒక సెంటీమీటరు చొప్పున డ్రెయిన్ పైపు కిందికి దిగుతూనే ఉండాలి. మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు, పాములా మెలికలు తిరగకూడదు. రాగి పైపులు, వైరు, డ్రెయిన్ పైపు అన్నింటినీ కలిపి టేపుతో చుట్టేటప్పుడు డ్రెయిన్ పైపు కట్టలో అన్నింటికన్నా కింద ఉండేలా చూడాలి. దాని కొసను బకెట్ నీళ్లలో ముంచి ఉంచితే గాలి ఎదురు తన్ని నీరు నిలిచిపోతుంది. మురుగు గొట్టంలోకి నేరుగా కలిపితే ఆ కంపు గదిలోకి వస్తుంది. గది లోపల సాగే డ్రెయిన్ పైపు కూడా చెమరుస్తుంది గనుక దానికీ నురుగు తొడుగు వేయాలి. లోపలి యూనిట్‌ను పలకకు తగిలించగానే, మూత పెట్టకముందే, జల్లెడలు తీసి వెనక ఉన్న కాయిల్ మీద నెమ్మదిగా ఒకటి రెండు లీటర్ల నీళ్లు పోసి చూడండి. వైర్లున్న కుడి పక్కన నీళ్లు పడకుండా జాగ్రత్త తీసుకోవాలి. పోసిన నీళ్లన్నీ బయటి కొస నుంచి ధారగా వస్తే సరే. బొట్లు బొట్లుగా వస్తున్నాయంటే ఎక్కడో పైపు లేచి ఉన్నట్టే.

రాగి పైపులు, వాటి కొసలు

పైపులు రెండు. సన్నది సాధారణంగా 6.35 మిల్లీమీటర్లు, లావుది యంత్రం సామర్థ్యాన్ని బట్టి 9.52 లేదా 12.7 మిల్లీమీటర్లు, పెద్ద యంత్రాలకు 15.88 మిల్లీమీటర్లు ఉంటుంది. చుట్టగా వచ్చిన పైపును స్ప్రింగులా పక్కకు లాగి విప్పకూడదు. ఒక కొసను నేలకు నొక్కిపెట్టి, చుట్టను దొర్లిస్తూ పోతే తిన్నగా విడుతుంది. వంపులు చేతి బొటనవేళ్లతో, కనీసం 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో నిదానంగా తిప్పాలి. ఒకసారి నొక్కుపడి చదునైన చోటును మళ్లీ గుండ్రంగా సరిదిద్దవచ్చని అనుకోవద్దు, ఆ ముక్కను కోసేయడమే మేలు. చాలా కంపెనీలు పైపుల పొడవు కనీసం 3 మీటర్లు ఉండాలంటాయి. యూనిట్లు దగ్గరగా ఉన్నాయని పైపును మరీ పొట్టిగా కోసేస్తే కంప్రెసర్ కంపనం, చప్పుడు గదిలోకి వస్తాయి. గరిష్ఠ పొడవు, ఎత్తు తేడా ఎంత ఉండవచ్చో పుస్తకంలో ఉంటుంది.

రెండు పైపులకూ విడివిడిగా నురుగు తొడుగు వేయాలి. సన్న పైపులో వెచ్చటి ద్రవం పోతుందనీ, దానికి తొడుగు అక్కర్లేదనీ కొందరు అంటారు. గ్యాస్ పీడనాన్ని తగ్గించే భాగం గదిలోనే ఉండే పెద్ద యంత్రాల విషయంలో ఆ మాట నిజం. ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీల్లో ఆ భాగం సాధారణంగా బయటి యూనిట్‌లోనే ఉంటుంది, కాబట్టి సన్న పైపు కూడా చల్లగానే ఉంటుంది, చెమరుస్తుంది. రెండింటినీ ఒకే తొడుగులో దూర్చినా తప్పే, అప్పుడు చల్లదనం దారిలోనే వృథా అవుతుంది.

ఇక అసలైన పని. పైపు కొసను గరాటు ఆకారంలో 45 డిగ్రీల కోణానికి వెడల్పు చేయడాన్ని ఫ్లేర్ వేయడం అంటారు. రబ్బరు వాషరు లేదు, జిగురు లేదు. రాగి ముఖం ఇత్తడి ముఖానికి ఆనుకుని బిగియడం వల్లనే గ్యాస్ ఆగుతుంది. ఆ రెండు ముఖాల మధ్య ఒక ఇసుక రేణువు, ఒక వెంట్రుకంత గీత ఉన్నా గ్యాస్‌కు దారి దొరికినట్టే. పైపును రంపంతో కాకుండా తిప్పుడు కట్టరుతో, ఒక్కో చుట్టుకు కొద్దికొద్దిగా బిగిస్తూ కోయాలి. కోశాక లోపలి అంచు పదునైన రేకులా లోపలికి ముడుచుకుని ఉంటుంది. దాన్ని రీమరుతో గీకేటప్పుడు పైపు నోరు కిందికి వంచి పట్టుకోవాలి. లేకపోతే రాగి పొడి పైపులోకి జారి, తర్వాత కంప్రెసర్ దాకా ప్రయాణిస్తుంది. గీకడం ముగిశాక, ఫ్లేర్ వేయడానికి ముందే నట్‌ను పైపు మీదికి ఎక్కించాలి. తొందరలో ఇది మరిచిపోయి, అందంగా వచ్చిన ఫ్లేర్‌ను కోసేయవలసి రావడం చాలామందికి అనుభవమే.

ఫ్లేర్ పనిముట్టు దిమ్మ పైకి పైపు ఎంత పొడుచుకుని రావాలన్నది పనిముట్టును బట్టి ఉంటుంది. ఆర్-410ఏ, ఆర్-32 గ్యాసుల కోసం చేసిన క్లచ్ రకానికి అర మిల్లీమీటరు లోపు, పాత రకానికి 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు ఉంచుతారు. పూర్తయిన ఫ్లేర్ వ్యాసం 6.35 మిల్లీమీటర్ల పైపుకు 8.7 నుంచి 9.1 మిల్లీమీటర్లు, 9.52 పైపుకు 12.8 నుంచి 13.2, 12.7 పైపుకు 16.2 నుంచి 16.6 ఉండాలి. కొలిచాక దాన్ని వెలుతురులో తిప్పి చూడండి. లోపలి ముఖం అద్దంలా ఒకే విధంగా మెరవాలి. అంచు అంతటా ఒకే మందం ఉండాలి. ఒక పక్క ఎక్కువ విప్పారి ఉన్నా, అంచున సన్నటి చీలిక కనిపించినా, ముఖం మీద గుండ్రటి గీత పడినా నిర్మొహమాటంగా కోసేసి మళ్లీ వేయాలి. పాత యంత్రాన్ని విప్పి కొత్త చోట బిగిస్తున్నప్పుడు పాత ఫ్లేర్‌నే మళ్లీ వాడటం మంచిది కాదు. ముఖ్యంగా ఆర్-32 యంత్రాల గది లోపలి అతుకులకు కొత్త ఫ్లేర్ వేయాలని వాటి పుస్తకాలే చెబుతాయి.

నట్‌ను ముందు చేత్తోనే, మర తప్పకుండా, సాఫీగా ఎంత దూరం పోతే అంత దూరం తిప్పాలి. ఆ తర్వాత ఒక స్పానరుతో యూనియన్‌ను, అంటే నట్ ఎక్కే మరలున్న ఇత్తడి ముక్కను కదలకుండా పట్టుకుని, ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే టార్క్ రెంచితో నట్‌ను బిగించాలి. 6.35 పైపుకు సుమారు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, 9.52 పైపుకు 33 నుంచి 42, 12.7 పైపుకు 50 నుంచి 60 అన్నది సాధారణమైన కొలత. ఫ్లేర్ ముఖానికి ఆ గ్యాస్‌కు తగిన కంప్రెసర్ నూనె ఒక చుక్క రాయవచ్చు. టెఫ్లాన్ టేపు గానీ, నీళ్ల పైపులకు వాడే పేస్టు గానీ ఇక్కడ పనికిరాదు. అది ముఖాలను ఆననివ్వకపోవడమే కాక లోపలికి చేరి ఇరుకు దారులను మూసేస్తుంది.

టార్క్ రెంచి గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మా ఇంట్లో బిగించిన మొదటి ఏసీ రెండో వేసవికి గదిని చల్లబరచడం మానేసింది. గ్యాస్ నింపారు, రెండు నెలలు బాగుంది. మళ్లీ నింపారు, మళ్లీ అంతే. మూడోసారి వచ్చిన పెద్దాయన గ్యాస్ సిలిండరును కిందనే పెట్టి, బయటి యూనిట్ పక్కన టేపు విప్పి, నురుగు తొడుగును వెనక్కి జరిపి నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. లావు పైపు నట్ కింద తొడుగు మీద అరచేయంత నల్లటి నూనె మరక, దానిమీద దుమ్ము పేరుకుని ఉంది. నట్ విప్పితే ఫ్లేర్ మెడ దగ్గర రాగి కాగితంలా పలచబడి, అంచున వెంట్రుకలాంటి పగులు ఉంది. మొదట బిగించినవారు పొడవాటి స్పానరుతో బలమంతా పెట్టి తిప్పారన్నమాట. గ్యాస్ కారిన చోట దానితోపాటు కంప్రెసర్ నూనె కూడా బయటికి వస్తుంది, ఆ మరకే అసలు ఆనవాలు. ఆయన ఆ కొసను కోసి, కొత్త ఫ్లేర్ వేసి, వాక్యూమ్ చేసి, గ్యాస్‌ను తూచి నింపారు. ఆ యంత్రానికి మళ్లీ గ్యాస్ అవసరం రాలేదు. పెట్రోలులా వాడేకొద్దీ తరిగిపోయే వస్తువు కాదు ఈ గ్యాస్. తగ్గిందంటే కారుతున్నట్టే, కారే చోటును పట్టుకోకుండా నింపడం వృథా.

వైర్లు

ఏసీకి విడిగా ఒక సర్క్యూట్, కరెంటు మితిమీరితే ఆపేసే తగిన ఎంసీబీ, భూమిలోకి కరెంటు కారితే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ పరికరం, నమ్మకమైన ఎర్త్ ఉండాలి. 230 వోల్టుల సరఫరాలో ఒకటిన్నర టన్నుల యంత్రం నిండుగా నడిచేటప్పుడు ఇంచుమించు 7 నుంచి 9 ఆంపియర్లు తీసుకుంటుంది. తీగ మందం యంత్రానికి అతికించిన వివరాల పలక మీద రాసిన గరిష్ఠ కరెంటును, లైను పొడవును బట్టి నిర్ణయించాలి. రెండు యూనిట్లను కలిపే కేబుల్‌లో మధ్యలో అతుకు వేయకూడదు. కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే ఇన్వర్టర్ యంత్రాల్లో అందులోని ఒక తీగ కరెంటును కాక, రెండు యూనిట్ల మధ్య సంకేతాలను మోస్తుంది. 1, 2, 3 అని రాసిన టెర్మినళ్లలో రెండు తీగలు తారుమారైతే యంత్రం కదలదు, తెరమీద లోపపు సంఖ్య ఒకటి కనిపిస్తుంది. కేబుల్‌ను పట్టీతో బిగించాక ఒక్కో తీగను వేలితో లాగి చూడాలి. వదులు టెర్మినల్ వేడెక్కి నల్లబడి మంటకు దారితీస్తుంది. ఒకసారి కరెంటు ఇచ్చిన బయటి యూనిట్‌ను తెరవవలసి వస్తే, సరఫరా ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది గనుక పది నిమిషాలు ఆగి, మీటరుతో చూసుకున్న తర్వాతే చేయి పెట్టాలి.

నైట్రోజన్, ఆపైన వాక్యూమ్

బయటి యూనిట్ కర్మాగారం నుంచి గ్యాస్ నింపుకునే వస్తుంది. దాని రెండు వాల్వులు మూసి ఉన్నంతవరకు ఆ గ్యాస్ లోపలే భద్రంగా ఉంటుంది, పైపుల్లోనూ లోపలి యూనిట్‌లోనూ మామూలు గాలి ఉంటుంది. ఇప్పుడు చేయవలసింది రెండు పనులు: అతుకులు కారడం లేదని రుజువు చేసుకోవడం, ఆ గాలినీ తేమనూ తీసేయడం.

మొదటి పనికి పొడి నైట్రోజన్ వాడాలి, రెగ్యులేటరు లేకుండా దాని సిలిండరును తెరవకూడదు. లావు పైపు వాల్వు పక్కనున్న సర్వీసు ముక్కుకు గొట్టం తగిలించి, ముందు 5 బార్లు, తర్వాత 15 బార్లు, ఆ తర్వాత యంత్రం వివరాల పలక మీద రాసిన పరిమితికి మించకుండా పై పీడనానికి మెట్లు మెట్లుగా పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగి నాలుగు నట్ల చుట్టూ సబ్బు నురుగు రాసి చూడాలి. బుడగ ఉబ్బకపోతే గేజ్ ముల్లును గుర్తుపెట్టుకుని వీలైనంతసేపు వదిలేయాలి. గాలి చల్లబడితే పీడనం కూడా కొద్దిగా తగ్గుతుంది; 30 బార్ల దగ్గర ఒక డిగ్రీకి సుమారు 0.1 బారు తేడా సహజం, అంతకు మించి తగ్గితే వెతకాలి. ఆక్సిజన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. పీడనంలో ఉన్న ఆక్సిజన్ నూనెకు తగిలితే పేలుతుంది, అలా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

రెండో పనికే వాక్యూమ్ పంపు. చాలాచోట్ల దీన్ని దాటవేసి, సన్న పైపు వాల్వును కొద్దిగా తెరిచి, యూనిట్‌లోని గ్యాస్‌తోనే గాలిని బయటికి తోసేసి పని ముగిస్తారు. అయిదు నిమిషాల్లో అయిపోతుంది, ఏసీ ఆ రోజు చల్లగానే ఉంటుంది. అందుకే ఆ అలవాటు పోవడం లేదు. కానీ తోపుకు కొంత గాలి పోతుందేమోగానీ పైపుల గోడలకు పట్టిన తేమ పోదు. ఇప్పటి యంత్రాల్లో వాడే ఎస్టరు రకం నూనె తేమను పీల్చుకుని దానితో కలిసి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం కంప్రెసర్ చుట్టల పూతను తినేస్తుంది. మిగిలిన గాలి ద్రవంగా మారదు కనుక బయటి యూనిట్‌లో వేడిని వదిలే కండెన్సర్‌లో చోటు ఆక్రమించి పీడనాన్ని, కరెంటు ఖర్చును పెంచుతుంది. ఇక బయటికి వదిలిన గ్యాస్ సంగతి: భూమిని వేడెక్కించడంలో ఆర్-32 కార్బన్ డయాక్సైడ్ కన్నా 675 రెట్లు, ఆర్-410ఏ 2,088 రెట్లు బలమైనవి. ఓజోన్ పొర కోసం 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కిగాలిలో సవరణ చేసి ఈ రకం గ్యాసులను కూడా తగ్గించాలని దేశాలు నిర్ణయించుకున్నది అందుకే. పైగా ఆర్-32కు మంట అంటుకునే గుణం కొంత ఉంది, ప్రొపేన్ అయిన ఆర్-290కి బాగా ఉంది. గదిలోకి గానీ, నిప్పు దగ్గర గానీ వాటిని వదలడం ప్రమాదం. ఇలాంటి గ్యాస్ ఉన్న యంత్రానికి గది కనీసం ఎంత విశాలంగా ఉండాలో కూడా పుస్తకంలో ఉంటుంది.

పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. 25 డిగ్రీల వద్ద అది మరగాలంటే పీడనం పాదరసం కొలతలో 24 మిల్లీమీటర్ల లోపుకు దిగాలి. పంపు ఆ స్థాయి దాటి ఎంతో లోతుకు లాగితేనే పైపుల్లోని తేమ ఆవిరై బయటికి వస్తుంది. దీన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్, మామూలు గాలి పీడనం 7,60,000 మైక్రాన్లు. మనం చేరవలసిన గీత 500 మైక్రాన్లు, అంతకన్నా దిగువ. మామూలు ముల్లు గేజ్ మీద 500కూ 5,000కూ తేడా ముల్లు మందమంత కూడా ఉండదు, అందువల్ల డిజిటల్ మైక్రాన్ గేజ్ కావాలి. "ఇరవై నిమిషాలు నడిపాను" అనడం కొలత కాదు. పొట్టి పైపులకు పదిహేను నిమిషాల్లోనే ఆ గీత రావచ్చు, తేమ చేరిన పైపులకు గంట పట్టవచ్చు. 500 దిగాక పంపుకు, పైపులకు మధ్యనున్న వాల్వు మూసి, పంపు ఆపి, పది పదిహేను నిమిషాలు అంకెను గమనించాలి. కొద్దిగా లేచి నిలిచిపోతే మంచిది. ఒకటి రెండు వేల దాకా లేచి అక్కడ ఆగితే లోపల ఇంకా తేమ ఉంది, పంపు మళ్లీ నడపాలి. ఆగకుండా లేస్తూనే ఉంటే ఎక్కడో కారుతోంది. అది అతుకు కావచ్చు, గేజ్ గొట్టం తాలూకు వాషరు కూడా కావచ్చు. ఏదో తేలేదాకా వాల్వు తెరవకూడదు, ఎందుకంటే ఇక్కడిదాకా జరిగిన ఏ తప్పునైనా దిద్దుకోవచ్చు, గ్యాస్ వదిలాక దిద్దుకోవడం కష్టం.

గ్యాస్ వదలడం, నడిపి చూడటం

అలెన్ కీతో సన్న పైపు వాల్వును కొద్దిగా, కొన్ని క్షణాలు మాత్రమే తెరిచి మూస్తే పైపుల్లో కాస్త పీడనం చేరుతుంది. ఇప్పుడు గేజ్ గొట్టం తీసేసినా గాలి లోపలికి చొరబడదు. తర్వాత రెండు వాల్వులనూ చివరిదాకా తెరిచి, వాటి ఇత్తడి మూతలను స్పానరుతో బిగించాలి. ఆ మూతలు దుమ్ము కోసం పెట్టినవి మాత్రమే కావు, గ్యాస్‌ను ఆపడంలో రెండో కాపలా అవే. అతుకుల దగ్గర మరొకసారి నురుగు రాసి చూసి, అంతా బాగుంటే అప్పుడే ఆ భాగాలకు తొడుగు వేసి టేపు చుట్టాలి. బయట టేపును కింది నుంచి పైకి చుట్టుకుంటూ పోతే ప్రతి చుట్టూ పెంకుల వరుసలా కింది చుట్టును కప్పుతుంది, వాన నీరు లోపలికి దిగదు.

పైపు పొడవు యంత్రంలో ముందే నింపిన గ్యాస్ పరిమితిని దాటితే అదనపు గ్యాస్ వేయాలి. 6.35 సన్న పైపున్న చాలా మోడళ్లకు మీటరుకు 20 గ్రాములు పడుతుంది, మీ మోడల్ లెక్క పుస్తకంలో చూసుకోవాలి. ఇది తూకం వేసి నింపవలసిందే. ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం క్షణక్షణం మారుతుంది, దానితోపాటు పీడనమూ మారుతుంది, కాబట్టి గేజ్ ముల్లును చూసి "సరిపోయింది" అనడం అంచనా మాత్రమే అవుతుంది.

నడిపేటప్పుడు రిమోట్‌ను కూలింగ్‌లో, అన్నింటికన్నా తక్కువ డిగ్రీల మీద, ఫ్యాను ఎక్కువలో పెట్టి, కిటికీలు మూసి పదిహేను ఇరవై నిమిషాలు ఆగండి. పైన పీల్చే చోట ఒక థర్మామీటరు, గాలి వదిలే చోట మరొకటి పెట్టి చూస్తే తేడా సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది, తేమ బాగా ఉన్న రోజున కొంచెం తగ్గవచ్చు. బయటి యూనిట్ దగ్గర లావు పైపు వాల్వు చల్లగా తడిసి ఉండాలి. సన్న పైపు వాల్వు మీద మొదలుపెట్టగానే కాస్త మంచు కనిపించి కరిగిపోతే కంగారు లేదు, అరగంటైనా తెల్లగా గడ్డకట్టి ఉంటే గ్యాస్ తక్కువైనట్టు. క్లాంపు మీటరుతో కరెంటు కొలిచి వివరాల పలక మీది అంకెతో పోల్చండి. బ్రాకెట్ మీద చేయి ఆనించి కంపనాన్ని, డ్రెయిన్ కొస దగ్గర నీటి చుక్కలను చూడండి.

పైపు పొడవు, వేసిన అదనపు గ్యాస్ గ్రాములు, వాక్యూమ్ దిగిన మైక్రాన్లు, రెండు థర్మామీటర్ల అంకెలు, కరెంటు ఆంపియర్లు, తేదీ ఒక కాగితం మీద రాసి బయటి యూనిట్ మూత లోపలి వైపు, వైర్లకు తగలకుండా, అతికించి ఉంచండి. రేపు ఎవరు మరమ్మతుకు వచ్చినా అదే వారికి మొదటి ఆధారం. వారం రోజులయ్యాక బయటి రెండు నట్ల దగ్గర తొడుగును కాస్త జరిపి, టార్చిలైటు వేసి నూనె మరక ఉందేమో చూడండి.